తప్పటడుగులు, పాలపళ్ళు, గుమ్మం మీది గీతలు

పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే మాటే ఇది. "వీడు ఎన్నో నెలలో నడిచాడు?" అని ఎవరో అడుగుతారు. పదో నెల అంటుంది అమ్మ. ఏడాది నిండాకే అంటాడు నాన్న. అది వీడు కాదు, వీళ్ళక్క అంటుంది అమ్మమ్మ. ముగ్గురూ కళ్ళారా చూసినవాళ్ళే, ఎవరి నమ్మకం వాళ్ళది. నిజానికి అమ్మా నాన్నా ఇద్దరి మాటా సరైనదే అయ్యుండొచ్చు. సోఫా పట్టుకుని పక్కకి జరిగిన రోజు ఒకరికి గుర్తుంటుంది. గది ఈ చివర నుంచి ఆ చివరకి పడకుండా వెళ్ళిన రోజు ఇంకొకరికి గుర్తుంటుంది. ఈ రెండింటికీ మధ్య రెండు మూడు నెలలు గడిచిపోతాయి. దేన్ని నడక అనుకోవాలో ముందే తేల్చుకోకపోతే, తేదీ రాసి పెట్టుకున్నా అది ఏ రోజు తేదీయో తర్వాత ఎవరికీ తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ చిక్కు రాకుండా ముందే హద్దులు గీసుకుంది. 2006లో ప్రచురించిన ఎదుగుదల ప్రమాణాల కోసం ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది పిల్లల్ని నెలల తరబడి గమనించారు. ఆసరా లేకుండా కూర్చోవడమంటే తల నిలిపి, చేతులు నేలకి ఆనించకుండా కనీసం 10 సెకన్లు కూర్చోవాలి. దోగాడటమంటే పొట్ట నేలకి తగలకుండా చేతులూ మోకాళ్ళ మీద వరసగా మూడుసార్లైనా ముందుకు కదలాలి. నిలబడటమంటే దేన్నీ పట్టుకోకుండా 10 సెకన్లు. నడక అంటే ఎవర్నీ, దేన్నీ ముట్టుకోకుండా కనీసం ఐదు అడుగులు. ఈ లెక్కన కూర్చోవడం సగటున 6 నెలలకి, దోగాడటం ఎనిమిదిన్నరకి, నిలబడటం 11కి, నడక 12కి వచ్చాయి. అయితే సగటు కన్నా చూడాల్సింది ఆ వెడల్పు. నడక 8 నెలలు దాటిన దగ్గర్నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడొచ్చినా మామూలే. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే మాత్రం డాక్టర్‌కి చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి రెండేళ్ళ దాకా వయసుని పుట్టిన రోజు నుంచి కాకుండా, పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కవేస్తారు. ఈ సంగతి చెప్పేవాళ్ళు లేక ఎంతోమంది తల్లులు అనవసరంగా కుమిలిపోతారు.

ఈ నాలుగు కొలతలూ పిల్లల సంగతులు రాసుకునే పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకుంటే తేదీల గొడవ తీరిపోతుంది. కానీ తేదీ ఏదో ఒక ఫొటో చూసి అయినా పట్టుకోవచ్చు. మళ్ళీ దొరకనిది ఆ పని చేసిన తీరు. దోగాడటమే చూడండి. ఒకరు మోచేతుల మీద ఈడ్చుకుంటూ పోతారు. ఒకరు ఒక మోకాలు నేల మీదా, రెండో పాదం పైకీ పెట్టి పీతలా వెళ్తారు. ఇంకొకరు కూర్చునే పిరుదుల మీద జరుగుతారు. కొన్నాళ్ళ పాటు వెనక్కే పోయేవాళ్ళూ ఉన్నారు. కాళ్ళ కన్నా చేతులకి ముందు బలమొస్తుంది కాబట్టి, బొమ్మ వైపు రావాలని తోసుకున్న కొద్దీ అది దూరమైపోతుంది, ఏడుపు వస్తుంది. ఆ 816 మందిలో నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద అసలు దోగాడనేలేదు, నేరుగా నడకలోకి వెళ్ళిపోయారు. దోగాడే తీరు రెండు మూడు నెలలే ఉంటుంది. నడక రాగానే దాన్ని పూర్తిగా మర్చిపోతాం. వీడియో తీసేటప్పుడు నిలబడి పైనుంచి తీస్తే వీపూ తలా మాత్రమే పడతాయి. ఫోన్‌ని నేలకి ఆనించి, పిల్లాడి కంటి ఎత్తులో, పక్కనుంచి తీయాలి. అప్పుడే కాళ్ళ పనీ, నోరు తెరిచి పడే శ్రమా కనిపిస్తాయి.

పిల్లల విషయాలు రాసి పెట్టుకోవడం కొత్తేమీ కాదు. ఫ్రాన్స్‌లో గెనో ద మాంబెయార్ అనే ఆయన 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తుని పద్దెనిమిదేళ్ళ పాటు, సుమారు ఆరు నెలలకోసారి కొలిచి రాసుకున్నాడు. ఒకే మనిషి ఎదుగుదలని అలా వరసగా కొలిచిన మొదటి లెక్క అదేనంటారు. చార్లెస్ డార్విన్ 1839 డిసెంబర్‌లో పుట్టిన పెద్దకొడుకు గురించి రాసుకున్న నోట్సుని 37 ఏళ్ళ తర్వాత, 1877లో, మైండ్ అనే పత్రికలో వ్యాసంగా వేశాడు. పెద్ద పెద్ద సిద్ధాంతాలు తర్వాతి మాట, అందులో నిలిచిపోయేవి చిన్న సంగతులు. ఏడో రోజున కాగితం ముక్కతో అరికాలు తాకిస్తే బిడ్డ కాలు లాక్కుని వేళ్ళు ముడుచుకోవడం. 45వ రోజున నవ్వడం. సరిగ్గా ఏడాదికి తిండికి "మమ్" అని సొంతంగా ఒక మాట కల్పించుకోవడం. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత ఏ తండ్రికీ నోటి జ్ఞాపకంతో అరికాలి మీది కాగితం ముక్క గుర్తుండదు. రాశాడు కాబట్టి ఉంది.

పిల్లలకైతే అసలే ఉండదు. పెద్దవాళ్ళని వాళ్ళ మొట్టమొదటి జ్ఞాపకం ఏదని అడిగితే సగటున మూడు, మూడున్నరేళ్ళ వయసు దగ్గర ఆగిపోతారు. అంతకన్నా విచిత్రం, మూడేళ్ళప్పుడు జరిగినవి ఐదారేళ్ళ పిల్లలకి బాగానే గుర్తుంటాయి, ఎనిమిది తొమ్మిదేళ్ళు వచ్చేసరికి సగానికి పైగా జారిపోతాయి. అంటే ఆ మొదటి మూడేళ్ళకి సాక్షులు ఇంట్లో పెద్దవాళ్ళే. ఆ పుస్తకం రాసేది మన కోసం మాత్రమే కాదని ఇందుకే అంటున్నాను.

మాటల దగ్గరికి వస్తే, మొదటి మాట ఏదన్నది నడక కన్నా పెద్ద తగువు. నాలుగైదు నెలల పాటు "బబబ", "దదద", "మమమ" అని వినిపిస్తూనే ఉంటుంది, అందులోంచి ఎవరికి కావలసింది వాళ్ళు ఏరుకుంటారు. ఎవరూ చెప్పించకుండా, ఒకే వస్తువుకో మనిషికో, వేరువేరు రోజుల్లో అదే శబ్దం వాడితే దాన్ని మాటగా లెక్కవేయొచ్చు. ఉచ్చారణ సరిగ్గా ఉండాలనేం లేదు. నీళ్ళని "ఈయు" అన్నా, ప్రతిసారీ నీళ్ళకే అంటే అది మాటే. ఏడాది అటూ ఇటూగా మొదటి మాట వస్తుంది. రెండేళ్ళకి యాభై మాటలు దాటి, "నాన్న రా", "బంతి కావాలి" అని రెండేసి మాటలు కలపడం మొదలవుతుంది. పదహారు నెలలకీ ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్ళకీ రెండు మాటలు కలవకపోయినా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. వచ్చిన మాటలు పోతుంటే అసలు ఆలస్యం చేయకూడదు.

రాసేటప్పుడు సరిదిద్దకుండా రాయడం ముఖ్యం. చాలామంది ఇక్కడే పొరపడతారు. "చెప్పులు కావాలంది" అని రాస్తే పదేళ్ళ తర్వాత చదివినప్పుడు అందులో పిల్ల ఉండదు. "తెప్పుయ్ తావాయి" అని ఎలా పలికితే అలా రాసి, పక్కన అర్థం, ఎప్పుడన్నదీ రాయాలి. రెండు మూడేళ్ళ మధ్య వచ్చే వాక్యాలు ఇంకా బాగుంటాయి. "నాన్న వచ్చింది" అంటారు. "నాకు కావాలి" అనాల్సిన చోట "నీకు కావాలి" అంటారు, ఎందుకంటే వాళ్ళతో మాట్లాడేవాళ్ళందరూ వాళ్ళని "నీకు" అనే అంటారు కదా. తమ గురించి పేరు పెట్టి చెప్పుకుంటారు. నాలుగు కాళ్ళున్న ప్రతి జంతువునీ కుక్కే అంటారు. నిన్న అన్నా, పోయినేడాది అన్నా వాళ్ళకి ఒకటే. ఇవేవీ తప్పులు కావు, భాషని వాళ్ళే విడదీసి బిగించుకుంటున్నారనడానికి గుర్తులు. ఒక రోజు ఉదయం లేచి "నాన్న వచ్చాడు" అని సరిగ్గా అనేస్తారు. ఆ రోజు ఇంట్లో ఎవరూ గమనించరు. గమనిస్తే మనసు కాస్త చివుక్కుమంటుంది కూడా.

కాగితం మీద గొంతు ఉండదు. పుట్టినరోజు వీడియోలు ఎన్ని ఉన్నా వాటిలో పాటా, చప్పట్లూ, "ఇటు చూడు" అనే పెద్దవాళ్ళ కేకలే ఎక్కువ. మామూలు మాటలు కావాలంటే ఫోన్ కనిపించకూడదు. కెమెరా చూడగానే మూడేళ్ళ పిల్లలు వేషం మొదలుపెడతారు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, తెర కిందికి ఉండేలా, బల్ల మీద మడతపెట్టిన గుడ్డ పరిచి దాని మీద పెట్టాలి. గుడ్డ లేకపోతే బల్ల మీద గిన్నె పెట్టినా, చెయ్యి ఆనినా చెవులు పగిలేంత చప్పుడు పడుతుంది. పిల్లకి ఒక అర మీటరు, మీటరు దూరం చాలు. టీవీ ఆపాలి, ఫ్యాన్ తగ్గించాలి, ఫ్యాన్ గాలి నేరుగా మైక్‌కి తగిలితే మాటంతా హోరులో కలిసిపోతుంది. మొదట్లో మనమే తేదీ, పిల్ల వయసు పైకి చెప్పి, ఆ తర్వాత ఆ ఫోన్ సంగతే మర్చిపోవాలి. "చెప్పమ్మా, పద్యం చెప్పు" అని అడగొద్దు. తినేటప్పుడూ, బొమ్మలతో ఒక్కత్తే ఆడుకునేటప్పుడూ, నిద్రకి ముందూ పది నిమిషాలు. బొమ్మల్ని కోప్పడే గొంతులో ఇంట్లోవాళ్ళందరూ వినిపిస్తారు, ఎవరి మాట ఎవరిదో ఇట్టే పోల్చుకోవచ్చు.

ఆ ఫైల్ పోగొట్టుకోకుండా ఉండటం ఇంకో పని. ఫొటోలు వాటంతటవే క్లౌడ్‌లోకి వెళ్ళే ఫోన్లలో కూడా వాయిస్ రికార్డింగులు చాలాసార్లు వెళ్ళవు, అవి వేరే ఫోల్డర్‌లో ఉంటాయి. ఫోన్ మార్చినప్పుడు పోయేవి మొదట ఇవే. వాట్సాప్‌లో పంపుకున్నాం కదా అని ధైర్యపడొద్దు. అందులో వీడియో నాణ్యత తగ్గుతుంది, తీసిన తేదీ బదులు పంపిన తేదీ కనిపిస్తుంది. అసలు ఫైల్‌కి సంవత్సరం, నెల, రోజు వరసలో పేరు పెడితే ఏ కంప్యూటర్‌లో తెరిచినా అవే క్రమంలో నిలబడతాయి. నిమిషం ఎంపీ3 సుమారు ఒక ఎంబీ, అంటే పది నిమిషాలకి మూడు నాలుగు ఫొటోలంత చోటే పడుతుంది. కాపీలు మూడు ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. మన అమ్మానాన్నలు క్యాసెట్‌లో పట్టి ఉంచిన మన గొంతులు ఇంట్లో ఎక్కడైనా ఉంటే ముందు క్యాసెట్ వెనక అంచు చూడండి. అక్కడ రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. అవి విరిచి ఉంటే దాని మీద మళ్ళీ రికార్డు చేయలేరు. విరవకపోతే ఎవరో ఒకరు పొరపాటున పాటలు ఎక్కించేస్తారు, అలా ఎన్ని ఇళ్ళలో ఎన్ని ముద్దుమాటలు చెరిగిపోయాయో. ఇప్పుడైనా ఆ పలకలు విరిచేసి, ఆ తర్వాతే ప్లేయర్‌లో పెట్టి, కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మంచిది.

గుమ్మం మీది ఎత్తు గీతలంటే అందరికీ ఇష్టం, కానీ సరిగ్గా గీసినవి తక్కువ. మొదటి రెండేళ్ళూ డాక్టర్లు పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, తర్వాత నిలబెట్టి కొలుస్తారు. అదే బిడ్డ నిలబడితే పడుకున్నప్పటి కన్నా సుమారు 0.7 సెంటీమీటర్లు తక్కువ వస్తుంది. రెండేళ్ళు దాటిన మొదటి గీత వెనక్కి వెళ్ళినట్టు కనిపిస్తే కారణం అదే, బిడ్డ కుంగిపోలేదు. గోడ కన్నా గుమ్మం మేలు, ఎందుకంటే గోడ అడుగున ఉండే పట్టీ మడమల్ని ముందుకు తోస్తుంది. చెప్పులు తీయించి, జడ విప్పి, మడమలూ పిరుదులూ భుజాలూ తలా చెక్కకి ఆనేలా నిలబెట్టాలి. గడ్డం ఎత్తించకుండా నేరుగా ముందుకి చూడమనాలి. పిల్లలు పొడుగు కనిపించాలని గడ్డం పైకెత్తుతారు, దాంతో ఎత్తు తగ్గుతుంది కానీ పెరగదు. తల మీద పెన్సిల్ అడ్డంగా పెట్టి గీస్తే వంగిపోతుంది. గట్టి అట్ట ఉన్న పుస్తకం తీసుకుని, దాని ఒక అంచు చెక్కకి పూర్తిగా ఆనించి, తల మీద జుట్టు అణిగేలా దించి, పుస్తకం అడుగున గీయాలి. పిల్లని పక్కకి జరిపి మళ్ళీ నిలబెట్టి ఇంకోసారి చూడాలి. రెండింటికీ అర సెంటీమీటరుకి మించి తేడా వస్తే మూడోసారి. పగలంతా ఆడేసరికి సాయంత్రానికి ఎత్తు కొంచెం తగ్గుతుంది, కాబట్టి ఏటా ఉదయమో, ఏటా సాయంత్రమో, ఏదో ఒకటే పెట్టుకోవాలి.

గీయడానికి పెన్సిలే మంచిది. స్కెచ్ పెన్, బాల్ పెన్ రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, పెన్సిల్ గీత వెలవదు. పక్కనే పేరు, తేదీ, సంవత్సరం, నేల నుంచి ఎన్ని సెంటీమీటర్లో అంకెల్లో రాయాలి. ఆ అంకె రాయకపోవడం వల్ల వచ్చే కష్టం, ఇంటికి రంగులు వేయించే రోజు తెలుస్తుంది. రంగులు వేసేవాళ్ళు అడగరు, గుమ్మం గీకి ఒక పూత వేసేస్తారు. అంకెలు పుస్తకంలో ఉంటే మళ్ళీ అదే చోట గీసుకోవచ్చు. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళు రెండు మీటర్ల చెక్క పలక ఒకటి తెచ్చి నేలకి ఆనేలా నిలువుగా బిగించుకుంటే, ఇల్లు మారినప్పుడు స్క్రూలు విప్పి తీసుకెళ్ళిపోవచ్చు. మొదటి ఏడాది సుమారు 25 సెంటీమీటర్లు, రెండో ఏడాది ఓ 12, తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఏడాదికి ఐదారు. అందుకే కింద గీతలు దూరంగా, పైకి వెళ్ళేకొద్దీ దగ్గర దగ్గరగా పడతాయి. అది చూసి పిల్లలు నేను ఎదగట్లేదని దిగులు పడతారు, పుట్టినప్పుడు ఎంత ఉన్నావో చూడు అని అడుగున 50 దగ్గర చూపిస్తే నమ్మరు.

చేతి ముద్రలు తీసుకోవాలని చాలామంది మొదటి నెలలోనే ప్రయత్నించి విసిగిపోతారు. అరచేతికి ఏది తగిలినా గుప్పిట మూసేయడం పసివాళ్ళ సహజ లక్షణం, అది ఐదారు నెలలకి గానీ పోదు. ఆ లోపల పాదం ముద్ర తేలిక. చెయ్యే కావాలంటే గాఢనిద్రలో ఉన్నప్పుడు చేతి వెనక వైపు, వేళ్ళ కణుపుల నుంచి మణికట్టు దాకా మెల్లగా నిమిరితే వేళ్ళు విచ్చుకుంటాయి. అప్పుడు కాగితాన్ని చేతికి అద్దాలి కానీ చేతిని కాగితానికి కాదు. పిండి ముద్ర కావాలంటే రెండు కప్పుల మైదా, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్ళు. నీళ్ళు ఒకేసారి పోయకుండా చూసుకుంటూ కలిపి, సెంటీమీటరు మందాన అప్పచ్చిలా చేసి ముద్ర వేయించి, రోజూ తిప్పుతూ నీడన ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైన ఆరి లోపల తడిగా ఉండి పగుళ్ళు వస్తాయి. ఉప్పు గాలిలో తేమని లాగుతుంది కాబట్టి పూర్తిగా ఆరాక రెండు వైపులా వార్నిష్ కొట్టకపోతే వానాకాలంలో మెత్తబడిపోతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో పిల్లల చెయ్యి నేరుగా పెట్టించే ఆలోచన మాత్రం ఎప్పుడూ చేయకూడదు. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, మందంగా ఉంటే 60 డిగ్రీల దాకా పోగలదు, చెయ్యి అందులో ఇరుక్కుపోతే బయటికి తీయడం కష్టం.

గుండీల రోజులు గుర్తున్నాయా? ముందు విప్పడం వస్తుంది, పెట్టుకోవడం చాలా తర్వాత. చొక్కా మొత్తం చేతికిచ్చి పెట్టుకో అంటే రెండు నిమిషాల్లో ఏడుపే. చివరి నుంచి మొదటికి నేర్పడం మంచి పద్ధతి. గుండీని కాజాలోంచి సగం దాకా మనం తోసి, బయటికి లాగడం మాత్రం పిల్లకి వదలాలి. అది వచ్చాక తోయడం, ఆ తర్వాత కాజా వెతుక్కోవడం. పని పూర్తిచేసింది తనే అన్న సంతోషం ప్రతిసారీ పిల్లకే దక్కుతుంది. రెండు, రెండున్నర సెంటీమీటర్ల పెద్ద గుండీలతో మొదలుపెట్టి, కింది గుండీ నుంచి పైకి రావాలి, ఎందుకంటే కింది గుండీ వాళ్ళ కంటికి ఆనుతుంది, మెడ దగ్గరిది ఆనదు. ఒక గుండీ ఎగ్గొట్టి చొక్కా వంకరగా వేసుకుని వచ్చి గర్వంగా నిలబడతారు. ఆ రోజు అలాగే బయటికి తీసుకెళ్ళండి, సరిచేయొద్దు. ఒక ఫొటో తీసుకోండి. చెంచా కూడా అంతే. ఏడాది పిల్లలు గిన్నెలోంచి చెంచా నింపగలరు, నోటి దగ్గరికి వచ్చేసరికి అది బోర్లా పడుతుంది. మణికట్టు తిప్పడం ఏడాదిన్నర దాకా కుదురుగా రాదు. పొట్టి, లావు పిడి ఉన్న చెంచా ఇస్తే సగం తిండి నోట్లోకి వెళ్తుంది.

దాచిపెట్టిన మొదటి బూట్లు ఒకనాడు తీసి చూస్తే అడుగు పొడి పొడిగా రాలిపోతుంది. తేలికపాటి పాలియురెథేన్ (నురుగులాంటి ప్లాస్టిక్) అడుగులు వాడకపోయినా గాలిలో తేమకి కొన్నేళ్ళలో అలా అయిపోతాయి, దానికి మందు లేదు. కాబట్టి బాగున్నప్పుడే పక్కనుంచీ, అడుగు నుంచీ ఫొటోలు తీసి పెట్టుకోవాలి, అడుగున ఏ వైపు అరిగిందో అందులో ఆ నడక కనిపిస్తుంది. తోలూ గుడ్డా ఐతే తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, లోపల తెల్ల కాగితం కూరి దాచొచ్చు. పాత న్యూస్‌పేపర్ కూరితే దాని సిరా అంటుతుంది. బొమ్మల కాగితాలకీ ఇదే సంగతి. గీసిన వెంటనే వెనకాల తేదీ, పిల్ల చెప్పిన వివరం రాయాలి. "ఇదేంటి?" అనడం కన్నా "దీని గురించి చెప్పు" అంటే ఎక్కువ చెబుతారు. రేపు అడిగితే అదే బొమ్మ ఇంకోటి అయిపోతుంది. ఏడాదిన్నరకి గజిబిజి గీతలు, మూడేళ్ళకి గుండ్రం, మూడు నాలుగేళ్ళ మధ్య పొట్ట లేకుండా తల నుంచే కాళ్ళు దిగే మనిషి. ఆ తలకాళ్ళ మనిషిని తప్పకుండా దాచాలి, కొన్ని నెలలకే వాడికి పొట్ట వచ్చేస్తుంది. అన్నీ దాచలేం, నెలకొకటి ఏరితే చాలు. సెల్లోటేప్ వేయొద్దు, అది పసుపుపచ్చగా మారి కాగితాన్ని తినేస్తుంది. మైనపు రంగుల బొమ్మల మధ్య ఒక్కో పల్చటి కాగితం పెట్టి చల్లటి చోట ఉంచాలి.

పాలపళ్ళు మొత్తం ఇరవై. మొదటివి ఆరు నెలల అటూ ఇటూగా కింద ముందు వైపు వస్తాయి, ఊడటం కూడా అక్కడే, ఆరేళ్ళ ప్రాంతంలో మొదలవుతుంది. పాలపన్ను ఊడకముందే దాని వెనక గట్టి పన్ను మొలిచి రెండు వరసలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. నాలుకతో ఆడిస్తూ ఉంటే చాలావరకు రెండు నెలల్లో పాతది ఊడిపోతుంది, అప్పటికీ కదలకపోతే పళ్ళ డాక్టర్‌కి చూపించాలి. దాచుకోవాలనుకుంటే సబ్బు నీళ్ళతో, పాత బ్రష్‌తో లోపలి గుంట కూడా కడిగి, నాలుగైదు రోజులు తెరిచిన గిన్నెలో ఆరబెట్టి, అప్పుడు డబ్బాలో వేయాలి. తడి మీద మూత పెడితే వాసన వస్తుంది. బ్లీచింగ్‌లో వేస్తే పెళుసెక్కి చిట్లుతుంది. ఏ పన్ను, ఏ తేదీ అన్న చీటీ లేకపోతే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఎవరివేవో తేల్చలేం.

ఇన్ని చెప్పినా, అన్నిటికన్నా ఎక్కువగా పోయేవి మైలురాళ్ళు కావు, రోజూ జరిగేవి. పగటి నిద్ర మానేసిన రోజు. చంకనెక్కి నిద్రపోయిన ఆఖరి రాత్రి. మెట్టు మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి దిగడం మానేసి పెద్దవాళ్ళలా దిగిన పొద్దు. వీటికి ముందు చెప్పే వాళ్ళుండరు, అయిపోయిన ఎన్నో వారాలకి గానీ తెలియదు. కాబట్టి నెలకోసారి, ఒక నిర్ణీత తేదీన, ఒక్క పేజీ "ఇప్పుడు మామూలుగా ఎలా ఉంది" అని రాయడం నాకు తెలిసిన వాటిలో మంచి ఉపాయం. ఎన్నింటికి లేస్తోంది, లేవగానే ఏమంటోంది, ఏ బొమ్మ లేనిదే పడుకోదు, స్నానానికి ఎలా ఏడుస్తుంది, ఎవరు ఎత్తుకుంటే ఆపుతుంది, ఏ మాట ఎలా పలుకుతోంది. గొప్ప సంగతులేవీ అక్కర్లేదు. పావుగంట పని. ఒక నెల తప్పినా ఫర్వాలేదు, తప్పిన నెల గురించి ఊహించి రాయకూడదు, అంతే.

ఏడెనిమిదేళ్ళు వచ్చాక ఆ పేజీలు పిల్లల పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టొచ్చు. చదివేటప్పుడు "గుర్తుందా?" అని అడిగితే ఉందనో లేదనో ఒక్క మాటతో తేల్చేస్తారు. "అప్పుడు నీ పక్కన ఎవరున్నారు? తర్వాత ఏమైంది?" అని అడిగితే తవ్వుకుంటూ చెబుతారు. ఇలా విడమరిచి మాట్లాడే ఇళ్ళలో పిల్లలకి చిన్ననాటి సంగతులు ఎక్కువ నిలుస్తాయని పరిశోధనల్లోనూ తేలింది. మనం రాసిందానికీ వాళ్ళు చెప్పేదానికీ తేడా వస్తే మనదే సరైనదని కొట్టేయొద్దు. మార్జిన్‌లో చోటు వదిలి ఉంటే, వాళ్ళ చేత్తోనే, ఆ రోజు తేదీ వేసి, వాళ్ళ మాట కూడా రాయనివ్వండి.